‘సైకో’ 4కె డిస్క్: నల్ల హ్యాండ్‌బ్యాగు నుంచి చివరి నవ్వు దాకా

ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1960లో తీసిన ‘సైకో’ను రెండోసారి చూడడానికి చాలామందికి మనసొప్పదు. హంతకుడెవరో, ఆ పాత ఇంట్లో కిటికీ దగ్గర కూర్చున్న తల్లి సంగతేమిటో తెలిసిపోయాక ఇక చూడడానికి ఏం మిగిలిందని వారి ప్రశ్న. చాలాకాలం నాదీ అదే ప్రశ్న. సినిమాకు అరవయ్యేళ్లు నిండిన సందర్భంగా 2020లో యూనివర్సల్ సంస్థ తెచ్చిన 4కె డిస్క్‌ను కొని, పది రోజుల్లో మూడుసార్లు చూశాను. మూడోసారి పక్కన నోటుపుస్తకం పెట్టుకుని, రిమోటు చేతిలోంచి దించకుండా చూశాను. మొదటిసారి మనం డబ్బు వెంట పరుగెత్తుతాం, రెండోసారి మనుషుల వెంట నడుస్తాం. వస్తువుల మీద చూపు నిలిచేది ఆ తర్వాతే. ఈ సమీక్ష ఆ మూడో చూపుకు ఈ డిస్క్ ఎంతవరకు అక్కరకొచ్చిందో చెప్పడానికే. ముగింపుతో సహా అన్నీ ఇందులో బయటపడతాయి గనుక సినిమా ఇంకా చూడనివారు చదవడం ఇక్కడితో ఆపేయడం మేలు.

థ్రిల్లర్ సినిమాల్లో దాచిన గుర్తులు వెతకడం ఒకసారి అలవాటైతే తొందరగా వదలదు. కాసేపటికి గోడమీది ప్రతి పటానికీ, బల్లమీది ప్రతి గ్లాసుకూ ఏదో ఒక అర్థం అంటగట్టాలనిపిస్తుంది. ఆ వెర్రికి పగ్గం వేయడానికి నేనొక కొలబద్ద పెట్టుకున్నాను. తెరమీద కనిపించిన వస్తువు మళ్లీ కనిపించాలి, కనిపించినప్పుడు మొదటిసారి ఉన్నట్టుగా ఉండకూడదు. దాని రంగో, చోటో, దాన్ని పట్టుకున్న చెయ్యో మారి ఉండాలి. ఏ మార్పూ లేకుండా పదిసార్లు కనిపించినా అది సెట్టు సామాను మాత్రమే. ఈ కొలతకు ‘సైకో’ తట్టుకున్నంతగా నేను చూసిన మరే థ్రిల్లరూ తట్టుకోలేదు.

ముందు బొమ్మ నాణ్యత సంగతి చెప్పాలి, ఎందుకంటే మసకగా ఉన్న ప్రతిలో ఈ వెతుకులాట వృథా ప్రయాస. హిచ్‌కాక్ ఈ సినిమాను తన టెలివిజన్ కార్యక్రమానికి పనిచేసే బృందంతో, జాన్ ఎల్. రసెల్ ఛాయాగ్రహణంలో, తక్కువ ఖర్చుతో నలుపు తెలుపుల్లో తీశాడు. రంగుల్లో తీస్తే స్నానపుగదిలో పారే రక్తం మరీ భయంకరంగా ఉంటుందన్నది ఆయన చెప్పుకున్న మరో కారణం. ఆ రక్తం నిజానికి చాక్లెట్ సిరప్ అన్న సంగతి తెలిసిన తర్వాత కూడా ఆ దృశ్యం పదును తగ్గకపోవడం వేరే విశేషం. పాత ప్రతుల్లో చీకటి అంతా ఒకే ముద్దగా ఉండేది. దారిపక్క మోటెల్ (బస) నడిపే నార్మన్ బేట్స్ గదిలో గోడమీద ఏదో ఉందని తెలిసేదే కానీ, అది పక్షో దాని నీడో తేలేది కాదు. ఈ డిస్క్‌లో నలుపులో నలుపు విడివిడిగా కనబడుతుంది. గుడ్లగూబ రెక్కల ఈకలు లెక్కపెట్టవచ్చు. ఫిల్ము గరుకుదనాన్ని చెరిపేసి ప్లాస్టిక్ నునుపు తెచ్చే పని చేయలేదు, అందుకు సంస్థకు కృతజ్ఞతలు చెప్పాలి.

ఇక అసలు విషయానికి వస్తే, సాల్ బాస్ రూపొందించిన టైటిళ్లలో అడ్డంగానూ నిలువుగానూ దూసుకుపోయే గీతలు పేర్లను ముక్కలు చేసి మళ్లీ అతుకుతాయి. తర్వాత కెమెరా ఫీనిక్స్ నగరం మీదుగా జరుగుతూ వచ్చి, సగం దించిన కిటికీ తెర కింది సందులోంచి ఒక హోటల్ గదిలోకి దూరుతుంది. సినిమాలో మొట్టమొదటి దొంగచూపు మనదే. లోపల మేరియన్ క్రేన్ (జానెట్ లీ) తెల్లని లోదుస్తుల్లో మంచం మీద ఉంటుంది. కాసేపటికి ఆమె యజమానికి చెందవలసిన 40,000 డాలర్లను బ్యాంకులో వేయకుండా ఇంటికి తెచ్చుకుని ప్రయాణానికి సిద్ధమవుతుంది. ఇప్పుడు ఒంటిమీద ఉన్నవి నల్లని లోదుస్తులు. తెల్ల హ్యాండ్‌బ్యాగు పోయి నల్ల హ్యాండ్‌బ్యాగు వచ్చింది. ఇది అందరూ చెప్పుకునే గుర్తే, ఇందులో నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కానీ ఆ పడకగది షాటును ఆపి చూస్తే ఆమె వెనుక తెరిచి ఉన్న తలుపులోంచి స్నానపుగది, అందులో షవరు కనబడతాయి. ఆమె బట్టలు సర్దుకుంటోంది, మంచంమీద డబ్బు కవరు ఉంది, వెనకాల షవరు ఉంది. ఏం చేసిందో, దేనితో చేసిందో, ఎక్కడ ముగుస్తుందో ఒకే ఫ్రేములో పేర్చిపెట్టారు. మొదటిసారి చూసేవారికి అది మామూలు పడకగది.

నలుపు తెలుపుల కథ అక్కడితో అయిపోలేదు, ఈ డిస్క్ ప్రత్యేకత బయటపడేది కూడా ఇక్కడే. ఇన్నేళ్లుగా చాలామందికి దొరికిన ప్రతుల్లో కొన్ని క్షణాలు కత్తిరింపుకు గురయ్యాయి. 2020 డిస్క్‌లో ఆ కత్తిరింపులు లేని రూపం ఉంది. తిరిగి చేర్చినవి మూడు చోట్ల కొన్ని సెకన్లు మాత్రమే: గోడ రంధ్రంలోంచి నార్మన్ చూస్తుండగా మేరియన్ తన నల్లని లోదుస్తులు విప్పే క్షణం కొద్దిగా ఎక్కువసేపు ఉంటుంది, షవరు కింద మేరియన్ హత్య జరిగాక నార్మన్ చేతులకంటిన రక్తాన్ని అతను చూసుకునే క్షణం కొద్దిగా సాగుతుంది, డిటెక్టివ్ ఆర్బొగాస్ట్ (మార్టిన్ బాల్సమ్) మీద పడే కత్తిపోట్లు కొన్ని పెరుగుతాయి. మూడోది గుర్తుల వేటకు ఎందుకూ కొరగాదు. మొదటిది మాత్రం నా ఆలోచననే మార్చింది. అప్పటికే మేరియన్ డబ్బు తిరిగిచ్చేయాలని నిశ్చయించుకుంది, నార్మన్‌తో మాట్లాడి గదికి వచ్చింది. మనసు మారింది, కానీ ఒంటిమీద నలుపు ఇంకా అలాగే ఉంది. ఆ నలుపును విప్పి పక్కన పెట్టి, తెల్లని పలకలు మెరిసే స్నానపుగదిలోకి వెళ్తుంది. కత్తిరించిన ప్రతిలో ఈ విప్పడం చటుక్కున దాటిపోవడం వల్ల అది నార్మన్ దొంగచూపుకు సంబంధించిన క్షణంగానే మిగిలిపోయేది. ఇక్కడ అది మేరియన్‌కు సంబంధించిన క్షణం కూడా అయింది. రెండు సెకన్లకు ఇంత బరువు ఉంటుందని డిస్క్ చూడకముందు ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేదాన్ని.

పక్షుల గురించి చెప్పాలంటే ఆ పార్లర్ దృశ్యం ఒక్కటీ చాలు, దాన్ని నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో లెక్క లేదు. వర్షంలో దారి తప్పి వచ్చిన మేరియన్‌ను నార్మన్ (ఆంథనీ పెర్కిన్స్) మోటెల్ ఆఫీసు వెనుక గదిలో కూర్చోబెట్టి రొట్టె, పాలు పెడతాడు. ఆమె ఇంటిపేరు క్రేన్, అంటే కొంగ జాతి పక్షి. ఆమె బయలుదేరిన ఊరు ఫీనిక్స్, అదీ పురాణ పక్షి పేరే. ఎదుటివాడు ఆమెను చూసి పక్షిలా తింటున్నావంటాడు. వెంటనే ఆ మాట శుద్ధ అబద్ధమని, పక్షులు నిజానికి విపరీతంగా తింటాయని తనే సవరించుకుంటాడు. ‘అబద్ధం’ అనవలసిన చోట అతని నాలుక తడబడుతుంది. చచ్చిన జంతువుల చర్మంలో సరుకు కూరి బతికున్నట్టు నిలబెట్టడం తన సరదా అని, వాటిలో పక్షులే నచ్చుతాయని చెబుతాడు. అతన్ని కింది నుంచి చూపిన షాటులో పైన మూలగా రెక్కలు విప్పిన గుడ్లగూబ అతని మీదికి దూకబోతున్నట్టు ఉంటుంది. మేరియన్ వైపు తిరిగినప్పుడు దీపపు వెలుగు మెత్తగా ఉంటుంది, గుండ్రనివే ఎక్కువ కనబడతాయి. ఆమె లేచి నిలబడగానే మాత్రం ఒక కాకిలాంటి పక్షి ముక్కు ఫ్రేములో ఆమె వైపు గురిపెట్టి ఉంటుంది.

ఇవన్నీ వాతావరణం కోసం పెట్టినవని మొదటిసారి సర్దిచెప్పుకోవచ్చు. రెండోసారి కుదరదు. చచ్చినదాన్ని బతికున్నట్టు నిలబెట్టే విద్య తనకు వచ్చునని అతను చెప్పిన ఆ వాక్యమే సినిమా పజిలుకు జవాబు. నేలమాళిగలో కుర్చీ తిప్పినప్పుడు మనకు కనిపించే తల్లి శవం కూడా ఆ గోడమీది గుడ్లగూబ వరసలోదే. జవాబును దాచలేదు, మన కళ్లముందు బల్లమీద పెట్టి, పక్కన రొట్టె, పాలు కూడా ఉంచారు. మంచి థ్రిల్లరుకూ మోసగించే థ్రిల్లరుకూ తేడా నాకు ఇక్కడే కనబడుతుంది: మోసగించేది ముగింపులో కొత్త సమాచారం తెచ్చిపడేస్తుంది, ఇది పాత సమాచారాన్నే తిరగేసి చూపిస్తుంది.

తిండి కూడా పక్షులతోపాటే నడుస్తుంది. సినిమాలో మొదటి మాట మేరియన్ ప్రియుడు సామ్ (జాన్ గావిన్) ఆమెతో అనేది, మధ్యాహ్న భోజనం ముట్టుకోనేలేదు కదా అని. ఆమె తినడం మనం మొదట చూసేది ఆ పార్లర్‌లోనే. ఆమె పోయాక తినేవాడు నార్మన్ ఒక్కడే. కారు బురదగుంటలో మునిగిపోతుంటే గింజలు కొరుకుతున్నట్టు మిఠాయి నములుతూ నిలబడతాడు. ఆర్బొగాస్ట్ ప్రశ్నలు వేస్తున్నప్పుడు రిజిస్టరు చూడడానికి మెడ సాచి వంగుతాడు. కెమెరా అతని గడ్డం కింద ఉండటంతో నమిలే గొంతు కదలిక మాత్రమే కనబడుతుంది. ఆ క్షణంలో అతను అచ్చం గింజ మింగుతున్న పక్షి. మిఠాయి నమిలే ఆలోచన పెర్కిన్స్‌దేనని చెబుతారు. నటుడు తెచ్చిన చిన్న పనిని దర్శకుడు తన పెద్ద వరసలో కలుపుకున్నాడన్నమాట. గుర్తులన్నీ స్క్రిప్టులో ముందే రాసి ఉంటాయని నమ్మేవారు ఈ ఒక్క షాటు చూడాలి.

అద్దాల సంగతికి వస్తే, అవి మరీ ఎక్కువగా ఉన్నాయని మూడోసారి చూస్తున్నప్పుడు కొంచెం విసుగు కూడా వచ్చింది. మేరియన్ పడకగదిలో అద్దం, పోలీసు వెంబడిస్తుంటే కారు వెనుకచూపు అద్దం, పాత కార్ల దుకాణం టాయిలెట్‌లో డబ్బు లెక్కపెడుతుంటే మరో అద్దం, మోటెల్ రిజిస్టరులో దొంగపేరు రాస్తున్నప్పుడు కౌంటరు పక్కన ఇంకోటి. ఆమె అబద్ధమాడిన ప్రతిచోటా ఆమె ఇద్దరుగా కనబడుతుంది. ఇంతవరకు చక్కగా ఉన్నా ఇందులో ఆశ్చర్యపోవలసింది ఏమీ లేదు. చాలా సినిమాల్లో అద్దాలు చేసే పని ఇదే. నా కొలబద్దకు నిలిచినవి చివరి రెండు. ఒకటి, తల్లితో గొడవపడి ట్రే పట్టుకుని వచ్చిన నార్మన్ మోటెల్ కిటికీ గాజులో ప్రతిబింబించడం: పక్కపక్కన ఇద్దరు నార్మన్‌లు. రెండోది, మేరియన్ చెల్లెలు లైలా (వెరా మైల్స్) తల్లి పడకగదిలోకి వెళ్లి, వెనుక ఎవరో ఉన్నారని ఉలిక్కిపడి తిరిగితే అక్కడ ఎదురెదురు అద్దాల్లో ఉన్నది తన బొమ్మే కావడం. అంతదాకా అద్దం అబద్ధాన్ని పట్టిచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో రెండో మనిషి ఎవరూ లేరన్న నిజాన్ని చెప్పేసింది. మనకు వినబడలేదంతే.

నాకు అన్నిటికంటే నచ్చిన వరస మాత్రం ఒక వార్తాపత్రికది. దాన్ని గురించి మాట్లాడుకునేవారు తక్కువ. కారు మార్చుకునే దుకాణంలో మేరియన్ లాస్ ఏంజెలెస్ పత్రిక ఒకటి కొంటుంది, తన దొంగతనం వార్త ఏమైనా వచ్చిందేమోనని భయం. మోటెల్‌లో రిజిస్టరు రాస్తున్నప్పుడు పేరు దగ్గర మేరీ శామ్యూల్స్ అని రాస్తుంది. సామ్ పేరే అందులో దాక్కుంది. ఊరు చెప్పవలసి వచ్చేసరికి ఆగుతుంది, హ్యాండ్‌బ్యాగులోని పత్రిక వైపు చూపు జారుతుంది, లాస్ ఏంజెలెస్ అంటుంది. గోడకు తగిలించిన తాళాల ముందు గాలిలో ఆగి ఉన్న నార్మన్ చెయ్యి అప్పుడు ఒకటో నంబరు తాళం మీదికి వెళుతుంది. పక్కనే ఆఫీసు, ఆఫీసు గోడకు పటం, పటం వెనుక రంధ్రం ఉన్న గది అది. ఆ తర్వాత ఆమె అదే పత్రికలో డబ్బు చుట్టి మంచం పక్కన పెడుతుంది. హత్య జరిగాక కెమెరా స్నానపుగదిలోంచి మెల్లగా వచ్చి ఆ పత్రిక మీద ఆగుతుంది, ఇంకా కథ దాని గురించేనేమో అని మనల్ని ఊరిస్తున్నట్టు. నార్మన్ గదంతా కడిగి, చివరిచూపుగా వెనక్కి వచ్చి, ఆ పత్రికను తీసి, లోపల ఏముందో తెలియకుండానే కారు డిక్కీలో పడేస్తాడు. ఒక కాగితం భయానికి సాక్షిగా మొదలై, అబద్ధానికి ఊతమై, డబ్బుకు మూటై, చివరికి చెత్తగా పోయింది. ప్రతి మలుపులోనూ దాని పని మారింది, ఎక్కడా ఎవరూ దాన్ని పేరుపెట్టి ప్రస్తావించరు. మార్చుకున్న కారుకు 700 డాలర్లు పోగా మిగిలింది ఎంతో లెక్క వేసుకున్న చిన్న కాగితం దీనికి తోడబుట్టినట్టుంది. మేరియన్ దాన్ని చించి టాయిలెట్‌లో పారేస్తుంది, పోని ముక్క ఒకటి చాలా తర్వాత లైలాకు దొరుకుతుంది. పెద్ద కాగితం మునిగింది, చిన్న కాగితం తేలింది.

ఇదే సందర్భంలో, ఆమె పార్లర్‌లోంచి వెళ్తూ తన అసలు ఇంటిపేరు క్రేన్ అని, ఫీనిక్స్‌కు తిరిగి వెళ్తున్నానని నోరుజారడం కూడా గమనించాలి. నార్మన్ వెంటనే రిజిస్టరు చూసుకుని చిన్నగా నవ్వుకుంటాడు. నిజం చెప్పడం మొదలుపెట్టిన మొదటి నిమిషంలోనే పక్షి పేరు బయటపడింది.

కళ్లు, గుండ్రని వస్తువులు, నీళ్లు అనే మూడింటినీ విడివిడిగా లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. నల్లకళ్లద్దాలు పెట్టుకున్న పోలీసు ముఖం కారు కిటికీ నిండా ఉంటుంది, అతని కళ్లు మాత్రం కనబడవు. నార్మన్ గోడమీది పటం తీసి రంధ్రానికి కన్ను ఆనిస్తాడు. ఆ పటం సుసన్నా స్నానాన్ని వృద్ధులు దొంగచాటుగా చూసే ప్రసిద్ధ బైబిలు ఘట్టానిది. ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం, కొంచెం ఎక్కువ సూటిగా చెప్పారని కూడా నా అభిప్రాయం. షవరు గుండ్రం, నీరు పోయే తూము గుండ్రం, ఆ తూములోంచి తేలి వచ్చే మేరియన్ చలనం లేని కన్ను గుండ్రం; కెమెరా ఆ కంటి నుంచి తిరుగుతూ వెనక్కి వస్తుంది. వాన ఆమెను మోటెల్‌కు చేర్చింది, షవరు కడుగుతానని ఆశపెట్టింది, నార్మన్ చేతులమీది రక్తాన్ని కుళాయి నీరు కడిగింది (కత్తిరింపు లేని రూపంలో ఆ చేతులు ఇంకొంచెం సేపు కనబడటం ఇక్కడ కలిసొచ్చింది), చివరికి బురదనీరు కారును మింగింది. కారు సగం మునిగి ఆగిపోయినప్పుడు నార్మన్‌తోపాటు మనం కూడా ఊపిరి బిగబడతాం. అది మునగాలని కోరుకుంటున్నామని గ్రహించి సిగ్గుపడే క్షణం నాకు మూడోసారి కూడా తప్పలేదు.

మరో చిన్న జంట ఉంది, అది పట్టుబడింది మూడోసారి చూసినప్పుడే. సామ్ నడిపే పనిముట్ల దుకాణంలో ఒకావిడ పురుగులమందు కొంటుంది. అది పురుగును బాధపెట్టి చంపుతుందా లేదా అన్నది డబ్బామీద రాయలేదని, పురుగైనా మనిషైనా చావు నొప్పిలేకుండా ఉండాలని ఆమె వాపోతుంది. కథకు ఆమెతో ఏ సంబంధమూ లేదు, మళ్లీ కనబడదు. అప్పటికి మనం స్నానపుగదిలోని చావును చూసి కాసేపే అయింది. చివర్లో జైలుగదిలో దుప్పటి కప్పుకుని కూర్చున్న నార్మన్ చేతిమీద ఈగ వాలుతుంది. తల్లిగా మారి హత్యలు చేసిన అతనిలో మాట్లాడుతున్న తల్లి గొంతు, ఈగకైనా హాని చేయనని వాళ్లు చూడనీ అంటుంది. దుకాణంలో పురుగుల ప్రాణం మీద మాట్లాడింది దయగల గొంతు, ఇక్కడ మాట్లాడింది హంతక గొంతు. మాట ఇంచుమించు ఒకటే.

ఇంత వెతికాక, లేనివాటిని ఉన్నట్టు చూడడం ఎంత సులువో కూడా ఒప్పుకోవాలి. సినిమా మొదట్లో తెరమీద పడే తేదీ, సమయం, అంటే డిసెంబర్ 11 శుక్రవారం మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలు, నన్ను ఒక సాయంత్రమంతా తిప్పలు పెట్టాయి. 11లో రెండు నిలువు గీతలు టైటిళ్లలోని గీతలేమో అని కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాను. అసలు సంగతేమిటంటే ఫీనిక్స్‌లో చిత్రించుకొచ్చిన దృశ్యాల్లో వీధుల్లో క్రిస్మస్ అలంకరణలు కనబడ్డాయి, మళ్లీ తీయడం బదులు హిచ్‌కాక్ తేదీ వేసి సర్దేశాడు. ఆ గీతల పేజీ చింపేశాను. మేరియన్ కొన్న కారు నంబరు పలకమీది ఎన్ఎఫ్‌బి అక్షరాల్లో నార్మన్ పేరును, పక్షులను ప్రేమించిన సెయింట్ ఫ్రాన్సిస్ పేరును కలిపి చదివేవారూ ఉన్నారు. కాదనడానికి నా దగ్గర రుజువు లేదు, కానీ నా కొలబద్ద ఒప్పుకోదు: ఆ అక్షరాలు కథలో ఎవరి చేతనూ ఏమీ చేయించవు. నార్మన్ గదిలో గ్రామఫోను మీద ఉన్న బీథోవెన్ ‘ఎరోయికా’ రికార్డు పేరులో ‘ఎరోటికా’ అన్న చమత్కారం చూసేవారితో మాత్రం సగం ఏకీభవిస్తాను. లైలా ఆ పేరు చదివే తీరు, ఆ పక్కనే పేరులేని పుస్తకం తెరిచి చూసి ఆగే తీరు గమనిస్తే దర్శకుడు చిలిపిగా కన్నుగీటుతున్నాడనిపిస్తుంది.

శబ్దాన్ని వదిలిపెడితే అన్యాయం. బెర్నార్డ్ హెర్మన్ ఈ సినిమాకు తీగవాద్యాలతోనే సంగీతం సమకూర్చాడు. నలుపు తెలుపు బొమ్మకు నలుపు తెలుపు శబ్దం కావాలన్నది ఆయన ఆలోచన. స్నానపుగదిలో కీచుమనే వయొలిన్లు తర్వాత మెట్లమీద ఆర్బొగాస్ట్ హత్యలోనూ, నేలమాళిగలో తల్లి ముఖం కనబడినప్పుడూ వస్తాయి. మూడోసారి వచ్చినప్పుడు ఎవరూ చావరు, అయినా భయం అంతే ఉంటుంది. హిచ్‌కాక్ మొదట ఆ స్నానపు దృశ్యానికి సంగీతమే వద్దనుకున్నాడు. డిస్క్‌లోని అదనపు అంశాల్లో ఆ దృశ్యాన్ని సంగీతంతోనూ సంగీతం లేకుండానూ చూసే వీలు కల్పించారు, గుర్తుల వేటగాళ్లకు ఇంతకంటే పనికొచ్చే అంశం మరొకటి లేదు. శబ్దం తీసేస్తే చెవికి అందేది నీటి చప్పుడు, తెర కొక్కాల చప్పుడు. అప్పుడుగానీ షాటు నుంచి షాటుకు మారే ఎడిటింగు లయ కంటికి ఆనదు.

మిగతా అదనపు అంశాల్లో లారెంట్ బూజెరో తీసిన గంటన్నర పైచిలుకు డాక్యుమెంటరీ తప్పక చూడాలి. సినిమా నిర్మాణం మీద పుస్తకం రాసిన స్టీఫెన్ రెబెలో వ్యాఖ్యానం సమాచారానికి మంచిదే కానీ ఎవరు ఎప్పుడు ఏం చేశారన్నదాని మీదే ఎక్కువ నడుస్తుంది. తెరమీద పక్షి పటం కిందపడుతున్నప్పుడు ఆయన మరేదో చెబుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. (శవాన్ని చూసి వెనక్కి తిరిగిన నార్మన్ చెయ్యి తగిలి గోడమీది పక్షి పటం పడిపోతుంది. కొంగ పడిపోయిన గదిలో రెండోసారి పక్షి పడింది. ఒక్క మాటైనా అనవలసింది.) హిచ్‌కాక్ స్వయంగా మోటెల్ అంతా తిప్పి చూపించే ఆరు నిమిషాల పైచిలుకు ట్రైలరు మాత్రం ఆణిముత్యం. గోడమీది ఆ పటం దగ్గర ఆగి దీనికి చాలా ప్రాముఖ్యం ఉందంటాడు, చెప్పబోయి మాట మింగేస్తాడు. చివర్లో షవరు తెర లాగితే అరిచేది జానెట్ లీ కాదు, విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్. గుర్తును చూపించి ఊరించడంలో ఆయన సినిమా బయట కూడా అదే ఆట ఆడాడు.

లోపాలు లేకపోలేదు. సినిమా రెండు రూపాలూ ఉన్నా తేడా ఎక్కడెక్కడ ఉందో చూపించే ఏర్పాటు డిస్క్‌లో లేదు. నేను రెండింటినీ నడిపి గడియారం పట్టుకుని వెతుక్కోవలసి వచ్చింది. అధ్యాయాల విభజన కూడా వెతుకులాటకు అనువుగా లేదు, పార్లర్ దృశ్యంలో కావలసిన చోటికి చేరాలంటే ముందుకు తోసి తోసి రావాలి. నా ప్లేయరులో ఆపినప్పుడల్లా కింద సమయపట్టీ పడి ఫ్రేములో అడుగుభాగాన్ని మింగేస్తుంది, కౌంటరు మీది చేతులు, మంచం మీది పత్రిక ఉండేది సరిగ్గా అక్కడే. ఈ చివరిది డిస్క్ తప్పు కాదు గానీ, ఇలాంటి పనికి కొనేవారు తమ ప్లేయరులో ఆ పట్టీని తీసేసే మార్గం ముందే చూసుకోవడం మంచిది. ఒక్కసారి చూసి అల్మారాలో పెట్టేసేవారికి ఇంత నాణ్యమైన ప్రతి అవసరం లేదు. నోటుపుస్తకం పట్టుకుని కూర్చునేవారికి మాత్రం పాత ప్రతి ఉన్నా ఇది మళ్లీ కొనవలసిందే. అయిదుకు నాలుగున్నర మార్కులు వేస్తాను.

చివరి షాటును ఫ్రేము తర్వాత ఫ్రేముగా ఒత్తుకుంటూ చూశాను. ఈగ వాలిన చేతిని చూసుకుని నార్మన్ తల కొంచెం పైకెత్తుతాడు, పెదవులు సాగుతాయి. మామూలు వేగంలో ఏదో నీడలా తోచేది ఇక్కడ మెల్లగా రూపం కడుతుంది: అతని నవ్వుమీద తల్లి కపాలపు పళ్లు, అతని కళ్లలో ఖాళీ గుంటలు. అవి పూర్తిగా తేలకముందే మూడో బొమ్మ కింది నుంచి పైకి వస్తుంది. బురదలోంచి కారును లాగుతున్న గొలుసు సరిగ్గా అతని మెడ దగ్గర మొదలవుతున్నట్టు ఉంటుంది. ఒకే ఫ్రేములో కొడుకు, తల్లి, మేరియన్ కారు. తర్వాతి ఫ్రేముల్లో ముఖం కరిగిపోతుంది, బురద కారుతూ కారు వెనుకభాగం ఒడ్డుకు వస్తుంది. డిక్కీలో లాస్ ఏంజెలెస్ పత్రికలో చుట్టిన 39,300 డాలర్లు ఉన్నాయి. మూత ఎవరూ తెరవకముందే సినిమా అయిపోతుంది.